పాము కడుపులో ఒక గది

నాచారంలో ఒక మిత్రుడి మేడమీద గది. ఆదివారం సాయంత్రాలు. ఏడుగురు ఇంటర్ పిల్లలు, నేను, రెండు పాత లాప్‌టాప్‌లు. పరీక్షల ఒత్తిడి మీద వాళ్ళతో కలిసి ఒక మొబైల్ గేమ్ చెయ్యాలనుకున్నాం. మొదటి నమూనా నేనే చేసి పట్టుకెళ్ళా. రోజూ మూడ్ నమోదు చేస్తే నాణేలు, వరసగా ఏడు రోజులు చేస్తే బ్యాడ్జి, పక్కన లీడర్‌బోర్డు. ఒకమ్మాయి రెండు నిమిషాలు ఆడి ఫోన్ తిరిగిచ్చేసింది.

"అన్నా, ఇది మా కాలేజ్ లెక్కనే ఉంది గదా."

నిజమే. వారం వారం టెస్టు, ర్యాంకు, ర్యాంకుని బట్టి సెక్షను. ఉప్పల్‌లో నా ఉద్యోగంలో పగలంతా చూసేదీ అలాంటిదే: నిన్న యాప్ తెరిచినవాళ్ళు ఇవాళ మళ్ళీ తెరిచారా, లేదా. మనసు కుదుటపడటానికి చేసిన ఆట నిజంగా పనిచేస్తే, ఆడేవాళ్ళు కొన్నాళ్ళకి దాన్ని మర్చిపోవాలి. మా ఆఫీసు లెక్కలో అది ఫ్లాప్.

ఇలాంటి ఆటలు దండగ అనటంలేదు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళ 'స్పార్క్స్'ని డిప్రెషన్‌తో సాయం కోరి వచ్చిన 187 మంది టీనేజర్లతో పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. మామూలుగా అందే సాయానికి అది తీసిపోలేదని తేలింది. అందులో దిగులు ఆలోచనలు ఎగిరే పురుగులై మీద పడతాయి, వాటిని కొట్టాలి.

పురుగు తలలో కాక బయట ఉంటే? 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. తెలుగులో 99 వచ్చిన ఒకమ్మాయి మెమోలో సున్నా పడింది. ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. "ఎక్కడో తప్పు జరిగింది" అనుకున్న పిల్లల్లో కొందరి ఆలోచన అక్షరాలా సరైనది. దాన్ని ఏ లెవెల్లో సరిదిద్దుతాం? విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది: మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలర్ ఉండాలి. ఇవి ఖర్చుతో, పట్టుదలతో అయ్యే పనులు. యాప్ చవక. అందుకే నాకు భయం, కౌన్సెలర్ కూర్చోవాల్సిన కుర్చీలో ఎవరైనా మా గేమ్‌ని కూర్చోబెడతారేమోనని.

మూడో వారం వైకుంఠపాళి మాటొచ్చింది. అమ్మమ్మల కాలం పటంలో పాములు పాపాలు, నిచ్చెనలు పుణ్యాలు. కానీ కదిలించేది పాచికే. చిత్రంగా, నీతి బోధించే ఆ ఆట కింద పడ్డవాణ్ణి తప్పుపట్టదు. కార్పొరేట్ కాలేజీ పటంలో పాచిక ఉండదు, పడితే తప్పంతా నీదే. "పాము మింగినంక లోపల ఏముంటది?" అన్నాడొకడు. అక్కణ్ణించే మా ఆట మొదలైంది. మింగితే కిందపడవు. కడుపులో ఒక గది, అందులో నీకంటే ముందు మింగబడ్డవాళ్ళు గోడమీద రాసిపోయిన మాటలు.

ఆ మాటల దగ్గరే చిక్కొచ్చింది. ఒకబ్బాయి రిజల్ట్స్ రోజు ఇంట్లో జరిగింది చెప్పాడు. వెంటనే బొమ్మలేసి, ఆ వారంలోనే కోడ్ రాసేశాను. మొత్తం ఆటలో బాగా కుదిరింది అదొక్కటే. తర్వాతి ఆదివారం వచ్చి, "అన్నా, అది తీసేద్దామా?" అన్నాడు. పేరు మారుస్తా అన్నాను, ఊరు మారుస్తా అన్నాను, ఇంకెవరికో పనికొస్తుందన్నాను. ఆ చివరి మాట నిజమే కావచ్చు, కానీ అనకూడనిది. వాడు ఇంకేం మాట్లాడలేదు, చెప్పులేసుకున్నాడు. మెట్లమీదే పిలిచి, వాడి ముందే డిలీట్ చేశాను. బ్యాకప్ కాపీ కూడా.

ఇప్పుడా గదిలో గోడ సగం ఖాళీ. టెలీ-మానస్ నంబరు 14416ని నేను చివరి స్క్రీన్‌లో పెట్టాను. చివరిదాకా ఎవరొస్తారన్నా అని పిల్లలు దాన్ని పాజ్ బటన్ పక్కకి మార్చారు.