ఒకరి మాట, ఇంకొకరి నోట

ఇంగ్లీషు చదివినవారిలో డైరెక్ట్ స్పీచి, ఇన్‌డైరెక్ట్ స్పీచి అను పాఠము దాటక వచ్చినవారుండరు. రెన్, మార్టిన్ అను ఇద్దరు దొరలు మన దేశపు విద్యార్థులకై రచించిన వ్యాకరణము 1930లలో వెలువడి, మూడు తరములవారి చేతులలో నలిగినది. అందు ఈ పాఠము పిండిమర వంటిది. ఈవైపున ఒక వాక్యము పోసిన ఆవైపున మరియొకటి రాలును. 'ఐ' అన్నది 'హి' యగును. 'హియర్' పోయి 'దేర్' వచ్చును. 'టుమారో'కు మారుగా 'ద నెక్స్ట్ డే' నిలుచును. వర్తమానము భూతమునకు జరుగును. మార్కులు వచ్చినవి, పాఠము ముగిసినది. కాని ఒకని మాటను వేరొకడు చెప్పునపుడు ఆ మాట ఎవరిది, దానికి జవాబుదారి ఎవరు అను ప్రశ్న ఆ పాఠమున అడుగున పడియున్నదని మాకు తోచుచున్నది. అది వ్యాకరణమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు.

ఆ పాఠములోనే చిన్న మినహాయింపు ఒకటి గలదు. చెప్పబడినది సార్వకాలిక సత్యమైనచో క్రియను మార్చనక్కరలేదు. 'భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నది' అని ఉపాధ్యాయుడు చెప్పెను; ఆ 'తిరుగుచున్నది' అట్లే యుండును. బాగున్నది. అయితే అది సత్యమని నిర్ణయించినవాడెవడు? చెప్పిన ఉపాధ్యాయుడు కాదు, దానిని మరల చెప్పుచున్న విద్యార్థి! గెలీలియో 1633లో మత న్యాయస్థానము ఎదుట భూభ్రమణ సిద్ధాంతమును విడనాడవలసి వచ్చినది. ఆనాటి ఇంగ్లీషువాడొకడు గెలీలియో పూర్వము చెప్పినదానిని ఈ నియమము చొప్పున చెప్పదలచెననుకొందము. క్రియను వర్తమానమున నిలిపిన, తానును ఆ పక్షమున చేరినట్లే. భూతమునకు మార్చిన, 'అతడట్లనెను, నిజానిజములు నేనెరుగను' అని ప్రక్కకు తొలగినట్లే. ఒక్క క్రియారూపమున ఇంత ధైర్యమో ఇంత పిరికితనమో ఇమిడియుండునని పరీక్షాపత్రము దిద్దువారెవ్వరును చెప్పరు.

ఇంతకంటె గడ్డు సంగతి మరియొకటి. పరోక్షమున చెప్పునపుడు 'సెడ్' అను క్రియ చాలదు. ఆజ్ఞాపించెనా, వేడుకొనెనా, సలహా ఇచ్చెనా అని తేల్చుకొని తగిన క్రియ వేయవలెను. 'తలుపు వేయుము' అని యజమాని సేవకునితో అన్నచో అది ఆజ్ఞ. సేవకుడు యజమానితో అన్నచో అది మనవి. మాటలవే, అక్షరములవే. అన్నవాని కంఠస్వరమును విన్నవాడు లేడు; వాని హోదాను చూచి వాని గొంతును నిర్ణయించుచున్నారు. 'అయ్యో' అన్నది దుఃఖముతో పలుకుట యగును, 'శభాష్' అన్నది సంతోషముతో పలుకుట యగును. ఆ శభాష్‌లో వెటకారము దాగియున్నచో దాని గతి ఏమి? దానికి వ్యాకరణమున అర లేదు. బాల్యమునుండియు మనము ఇతరుల మనస్సులకు మారుపేర్లు పెట్టుటకు ఇచ్చట అలవాటు పడుచున్నాము.

తెలుగున ఈ బాధ తక్కువ. మనకు 'అని' యున్నది. ఎవని మాటనైనను ఉన్నదున్నట్లు నిలిపి చివర 'అని' తగిలించిన పని తీరును. తాళపత్రములలో ఉద్ధరణ చిహ్నములు లేవు. అవి అచ్చుతో వచ్చినవి. అంతకుముందు ఆ పనిని 'అని', 'అనిన', 'అనుటయు' అను పదములే చేసినవి. 'తాను రేపు వస్తానని చెప్పినాడు' అను నిత్యవ్యవహారపు వాక్యమును పరికింపుడు. 'తాను' అన్నది చెప్పుచున్నవాని దృష్టి. 'వస్తాను' అన్నది మొదట పలికినవాని నోటి మాట. ఒక్క వాక్యమున ఇద్దరు నిలిచియున్నారు. అరవమున 'తాన్ వరువేన్ ఎన్ఱు' అన్నను, కన్నడమున 'తాను బరుత్తేనె ఎందు' అన్నను ఇదే పోకడ. ఒడియావారి 'బోలి', మరాఠీవారి 'మ్హణూన్' కూడ అనుట అను అర్థముగల ధాతువులనుండి పుట్టి మన 'అని' చేయు పనినే చేయుచున్నవి. ఎమెనో పండితుడు 1956లో భారతదేశమంతయు ఒకే భాషాక్షేత్రమని ప్రతిపాదించెను. ఇరుగుపొరుగు భాషల నడుమ తరతరములుగా కాపురమున్న మనవారికి ఆ సంగతి పండితులు చెప్పకమునుపే అంగడివీధిలో తెలిసియుండును.

మరి మాటలను మార్చకుండుటయే సత్యమా? ద్రోణపర్వమున ధర్మరాజు ఏమి అసత్యమాడెను? అశ్వత్థామ హతుడైనాడని అందరికి వినబడునట్లు పలికి, ఏనుగన్న మాటను వినరానట్లు పలికెను. అక్షరములను లెక్కించిన దోషము లేదు. అయినను నేలకు నాలుగంగుళముల పైన నడచుచుండిన ఆయన రథము ఆనాడు నేలను తాకినదని కథ. వ్యాసుడు మాటలను తూచలేదు. వినువాని మనస్సున నాటిన అర్థమును తూచినాడు.

అట్టి రథములు మన ఇండ్లలో దినదినము నేలకు దిగుచున్నవి. పెండ్లి మాటలు నడపు మధ్యవర్తిని తీసికొందము. వరుని తండ్రి 'కట్నము సంగతి తరువాత చూతము' అనును. మధ్యవర్తి కన్యవారి ఇంటికి వచ్చి 'వారికి కట్నము మీద ఆశ లేదు' అనును. సంబంధము కుదురవలెనను మంచి తలంపే కావచ్చును. ఆరు మాసములు గడచిన పిమ్మట అప్పు చేయువాడు ఆడపిల్ల తండ్రి. ఇంకొకడు వచ్చి ఆ మాటను అక్షరము పోకుండ చెప్పును గాని, చెప్పినవాడు గొంతు తగ్గించి, కొడుకు ముఖము చూచి నవ్విన సంగతిని దాచును. వీరిలో ఎవడు నమ్మదగినవాడు? మా దృష్టిలో ఇద్దరును కారు. 'ఆయన ఇట్లనెను, నాకు మాత్రము ఇట్లు తోచినది' అని రెంటిని విడదీసి చెప్పువాడు కావలెను. కోపపు మాటను మెత్తబరచి చేరవేయుట పుణ్యమని పెద్దలందురు. మెత్తబరచుట వేరు, తారుమారు చేయుట వేరు. అత్తగారు విసుగున అన్న ఒక తిట్టును కోడలి చెవిని వేయకుండుట మంచిదే. అనని మెప్పును అన్నట్లు చెప్పుట రేపటి కలహమునకు విత్తనము.

ఈ భారమునే వృత్తిగా మోసినవారు దుబాసీలు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీయైన ఏనుగుల వీరాస్వామయ్యగారిని మనము 1830-31 నాటి కాశీయాత్ర మూలమున తలచుకొందుము. ఆయన దినదిన వృత్తి మాత్రము ఇతరుల మాటను మోయుట. నేటి న్యాయస్థానములలో దుబాసీకి ఒక మర్యాద గలదు. సాక్షి 'నేను చూచితిని' అన్నచో దుబాసీయు 'నేను చూచితిని' అనవలెనే గాని 'ఈయన చూచెనట' అనరాదు. ఆ కొంతసేపు తన 'నేను'ను తీసి ప్రక్కన పెట్టుకొనవలెను. ఇది సన్న్యాసమునకు తక్కువ పని కాదు.

న్యాయశాస్త్రము చెప్పుడు మాటను సులభముగ నమ్మదు. 1872 నాటి సాక్ష్య చట్టపు 60వ సెక్షను, చూచినవాడే చూచినదానిని, విన్నవాడే విన్నదానిని చెప్పవలెనన్నది. 2024 జులై 1 నుండి దాని స్థానమున కొత్త చట్టము అమలులోనికి వచ్చినను ఆ సూత్రము పోలేదు. మరణవాఙ్మూలమునకు మినహాయింపు గలదు. అన్నవాడు తిరిగి వచ్చి 'నేనట్లనలేదు' అని చెప్పలేడు గదా! అందుచేతనే 1957లో ఖుశాల్ రావు కేసున సుప్రీంకోర్టు, అట్టి వాఙ్మూలమును ప్రశ్నోత్తర రూపమున, వీలైనంతవరకు చెప్పినవాని మాటలలోనే వ్రాయుట మేలని చెప్పినది. నోరు లేనివానిపట్ల లేఖకుని బాధ్యత హెచ్చునని దీని భావము.

ఈ సందర్భమున సంఘముల కార్యవర్గ నివేదికలను గూర్చి ఒక మాట. ఒక గంటసేపు బల్లలు గుద్ది కేకలు వేసినదంతయు మరునాటి పుస్తకమున 'సుహృద్భావముతో చర్చ జరిగిన పిమ్మట' అని నిలుచును. దీనిని మేము తప్పుపట్టము. ఆ కేకలన్నియు వ్రాసిన మరుసటి సమావేశమునకు ఎవ్వరును రారు. కాని ఒక్కరు మాత్రము లేచి వ్యతిరేకించిరి. వారి పేరును, కారణమును లేక 'ఏకగ్రీవముగా' అని వ్రాయుట మర్యాద క్రిందికి రాదు.

పరభాషా ప్రాంతములందున్న మనకు దీనిలో ఇంకొక చిక్కు గలదు. హోసూరులోనో, బరంపురములోనో, షోలాపురములోనో అవ్వ తెలుగున ఒక మాట చెప్పును. మనుమడు దానిని తన స్నేహితునకు అరవమునో, ఒడియానో, మరాఠీయో చేసి చెప్పును. వాని 'ఎన్ఱు', వాని 'బోలి' యథాతథమనియే చెప్పుచున్నవి. కాని అందు అవ్వ పలికిన పదము ఒక్కటియు లేదు. భావము చేరినది, అది చిన్న సంగతి కాదు. అవ్వ ముద్దుగా 'ఓరి నా తండ్రీ' అని పిలిచిన పిలుపు మాత్రము మనుమని వద్దనే ఆగిపోయినది. ఆ పిలుపునకు ఆ భాషలో మాట దొరకక వాడు ఒక క్షణము తడబడి, తెలుగుననే అని, నవ్వి, తరువాత అర్థము చెప్పును.