లోపలి కావలి

నిద్ర పట్టనివాళ్లు డాక్టరును అడిగేది నిద్రమాత్ర. ఈమధ్య వచ్చిన కొత్తరకం మాత్రలు నిద్రను తెచ్చిపెట్టవు, మెలకువను ఆపుతాయి. రెండూ ఒకటే కదా అనిపించవచ్చు. చదివినకొద్దీ నాకు అలా అనిపించడం లేదు.

1998లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా పనిచేస్తూ మెదడులో ఒకే పదార్థాన్ని కనిపెట్టాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, సకురాయ్, యానగిసావాల బృందం ఓరెక్సిన్ అంది. హైపోథాలమస్‌లో ఉండే కొద్దిపాటి కణాలే దీన్ని తయారుచేస్తాయి. అక్కడి నుంచి అది మెదడంతా పాకి, మెలకువను నిలబెట్టే కేంద్రాలను కదిలిస్తుంది. ఆ కబురు అందుకునే గ్రాహకాలు రెండు రకాలు. ఇష్టమైన తిండి కనబడగానే సంబరంతో కాళ్లు సడలి కూలబడే డాబర్‌మన్ కుక్కలు కొన్ని స్టాన్‌ఫర్డ్‌లో ఉండేవి. వాటిలో రెండో రకం గ్రాహకం చెడిందని 1999లో ఇమాన్యుయెల్ మిన్యో బృందం తేల్చింది. పట్టపగలే నిద్ర ముంచుకొచ్చే ఈ జబ్బు పేరు నార్కోలెప్సీ. అది ఉన్న చాలామంది మనుషుల్లోనైతే ఓరెక్సిన్ కణాలే నశించిపోయి ఉంటాయి. ఆ జబ్బులో శాశ్వతంగా పోయినదాన్ని, నిద్రలేనివాళ్లలో ఒక్క రాత్రికి ఆపితే? ఈ ఆలోచనతో తయారైన సువోరెక్సాంట్‌కు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ వచ్చాయి. మందు ముందే గ్రాహకాన్ని ఆక్రమించుకుంటుంది, ఓరెక్సిన్ వచ్చినా చోటు దొరకదు. కాఫీ పని దీనికి తలకిందులు. ఒళ్లు అలిసిందని చెప్పే అడినోసిన్ మాటను కెఫీన్ చెవిన పడనివ్వదు.

అంటే మెలకువ తనంతట తాను ఉండేది కాదు, లోపల ఒక కావలివాడు క్షణక్షణం నిలబెడితే నిలిచేది. మనసు, ఇంద్రియాలు అలసి విషయాల నుంచి మళ్లినప్పుడు మనిషి నిద్రపోతాడని చరకుడు ఏనాడో చెప్పాడు. ఆ మళ్లడమే కుదరక కదా ఇంతమంది పక్కమీద దొర్లుతున్నది.

ఓరెక్సిన్ కణాలకు ఆకలి తెలుసు. రక్తంలో గ్లూకోజ్ తగ్గితే చురుకవుతాయి, పెరిగితే నెమ్మదిస్తాయి. తిండి దొరకని జంతువు పడుకుంటే చచ్చిపోతుంది, లేచి వెతకాలి. ఆకలికీ మెలకువకూ పడిన ఈ ముడి గురించి కరువు సీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసే ఒకాయన నాతో అన్నాడు: "పొద్దంతా మగ్గంలో కూర్చుని ఒళ్లు పులిసిపోతాదన్నా. మంచం ఎక్కినానంటే చాలు, అప్పులన్నీ లేసి కూర్చుంటాయి." ఆయనకు అలసటకు కొదవ లేదు. పట్టు ధర పెరగడం, మరమగ్గం చీర వచ్చి తన చీర ధరను కిందికి లాగడం, షావుకారు బాకీ, ఇవన్నీ అర్ధరాత్రే గుర్తొస్తాయి. ఆయన లోపలి కావలివాడు తప్పేమీ చేయడం లేదు. నిజంగానే గడప దగ్గర ఆపద ఉంది.

హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగుల షెడ్లలో ఇంకొకటి చూడవచ్చు. పురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. అరల మీద వేలకొద్దీ పురుగులు తల పైకెత్తి, కదలకుండా, దాదాపు ఒక రోజంతా ఉండిపోతాయి. అప్పుడు ఆకు వేయరు. పైన పలుచగా సున్నప్పొడి చల్లి, పడక తడి కాకుండా చూసి, ముట్టుకోకుండా వదిలేస్తారు. ఓరెక్సిన్ వెన్నెముక ఉన్న జీవులది, పురుగుకు అది లేదు. కానీ నిద్ర పట్టించడం అంటే ముందుగా అడ్డు తప్పుకోవడమేనని ఆ రైతుకు తెలుసు. నాలుగో జ్వరం లేచాక పురుగుకు ఆకలి ఆగదు, రాత్రి పొద్దుపోయాక కూడా ఆకు వేయాలి. భర్త నడుం వాలిస్తే భార్య లేస్తుంది, ఆమె పడుకుంటే ఆయన లేస్తాడు. మన ఆడవాళ్లు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర గుర్తొస్తుంది. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుంటే ఇంట్లో ఊర్మిళ ఆ పద్నాలుగేళ్లూ నిద్రపోయింది. ఒకరి నిద్రకు ఇంకొకరు మెలకువతో వెల చెల్లించాలని ఆ కథ అల్లినవాళ్లకు తెలుసు.

ఈ మందుల మీద నాకు గౌరవం కలిగించింది కుక్కల మీద జరిగిన ఒక ప్రయోగం. ఓరెక్సిన్‌ను అడ్డుకునే మందుతో నిద్రపోయిన కుక్కలు తమకు ముఖ్యమైన చప్పుడు వినిపిస్తే లేచాయి, పట్టించుకోనక్కర్లేని చప్పుడుకు లేవలేదు. కావలివాడు కూర్చున్నాడే గానీ చెవులు మూసుకోలేదన్నమాట. మర్నాడు మత్తు మిగలడం లాంటి ఇబ్బందులు వీటికీ ఉన్నాయి. అయినా డాక్టరు చూసి రాసిస్తే ఆ నేతగాడు వేసుకోవాలనే నేనంటాను. బాకీ తీరేదాకా నిద్ర వాయిదా వేసుకోమనడం క్రూరత్వం. బాకీ సంగతి చూడాల్సినవాళ్లు వేరే ఉన్నారు, మాత్ర దొరికిందని వాళ్లు తప్పించుకోకూడదు.

నా గుబులు మరోవైపు ఉంది. నార్కోలెప్సీ రోగుల కోసం అదే గ్రాహకాన్ని తట్టిలేపే మందుల మీదా పరీక్షలు నడుస్తున్నాయి. వాళ్లకు అది పునర్జన్మే. కానీ పెనుకొండ, హిందూపురం రోడ్ల మీద రాత్రి షిఫ్టుకు బస్సెక్కే పిల్లలను చూస్తుంటాను. మెలకువ మాత్రగా దొరికే రోజు వస్తే వాళ్ల చేతిలో దాన్ని పెట్టేది డాక్టరా, సూపర్‌వైజరా? ఆ మాత్ర ఉద్యోగానికి షరతు కాకూడదని చట్టంలో ఇప్పుడే రాసుకోవాలి, అది బజారులోకి వచ్చాక కాదు.