తెడ్డు చేతపట్టి నీటి మీద

వెడల్పాటి పలక మీద నిలబడి, పొడవాటి తెడ్డు వేస్తూ సాగడమే ప్యాడిల్‌బోర్డింగ్. దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద మన మత్స్యకారులు తరతరాలుగా అలలు దాటుతున్నారు. అలాంటి తీరానికి ఈ విద్య మరీ పరాయిది కాదు.

కొత్తవారికి కోనసీమలోని దిండి దగ్గర వశిష్ఠ పాయ హాయిగా ఉంటుంది. అక్కడ నీరు నెమ్మది. అయినా సముద్రం దగ్గరే కాబట్టి ఆటు సమయంలో ప్రవాహం అటే లాగుతుంది. బయల్దేరే ముందు పడవవాళ్లను అడిగి తీరాలి. గోదావరికి వరదలొచ్చే నెలల్లో మాత్రం ఆ ఆలోచనే వద్దు.

ఇక విశాఖలో, పరిశుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్. తెల్లవారుజామున అక్కడి కడలి అద్దంలా కనిపిస్తుంది. నాకు భయం కలిగించేది ఆ ప్రశాంతతే. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది గనుక, పొద్దున గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. పలక మీద నిలబడిన మనిషికి ఒళ్లే తెరచాప. వెళ్లడం సులువు, తిరిగి రావడమే కష్టం. అందుకే లైఫ్ జాకెట్ తొడగండి, కాలికి పలకను కలిపే తాడు విప్పకండి, గాలి పెరిగితే మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయండి.

పులికాట్ సరస్సు లోతు తక్కువ, చూడ్డానికి అనువుగానే తోస్తుంది. కానీ చలికాలంలో అక్కడ రాజహంసలు మేస్తుంటాయి. మనిషి దగ్గరికొస్తే మేత మాని గుంపంతా లేచిపోతుంది. వాటిని ఒడ్డు నుంచే చూద్దాం.