వెలుగు ఎటు నుంచి రావాలి

మడకశిరలో వానకు కరువు గానీ ఎండకు కరువు లేదు. అయినా ఫోటో తీయడానికి పాత ఇళ్లలోకి పోతే వెలుగును వెతుక్కోవాల్సిందే. మట్టిమిద్దెలు ఎండను బయటే ఆపడానికి కట్టుకున్నవి. మందపాటి గోడలు, కిటికీ ఉంటే జానెడు, పైకప్పులో వెలుగు కోసం వదిలిన ఒక కంత, గవాచి. స్టూడియో దాకా నడవలేని ముసలివాళ్లు ఉండేది ఇలాంటి ఇళ్లలోనే. నేను తీసే ఫోటో రేపు గోడమీద దండతో ఉండబోయేదని వాళ్లకూ తెలుసు, నన్ను పిలిపించినవాళ్లకూ తెలుసు. అందుకే నాకు ఈ పనిలో ఒక ప్రశ్న పట్టుకుంది: మనిషిని ఉన్నదున్నట్టు చూడాలంటే వెలుగు ఎటు నుంచి రావాలి?

కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి కొడితే పని ఇట్టే అయిపోతుంది. ముఖమంతా తెల్లగా వస్తుంది, ముక్కు చెంపల్లో కలిసిపోతుంది. నా కన్నూ నా దీపమూ దాదాపు ఒకే చోట ఉంటాయి కాబట్టి నీడ ఆ మనిషి వెనక్కి పోతుంది. నీడ లేదని కాదు, నేనున్న చోటికి కనబడదు.

గవాచి వెలుగు నా మాట వినదు. సరిగ్గా దాని కింద కూర్చోబెడితే కళ్లు గుంటలైపోతాయి, ముక్కు నీడ నోటిమీద పడుతుంది. పీట రెండడుగులు వెనక్కి జరిపి, ముఖం వెలుగు వైపు కాస్త ఎత్తమంటాను. మరీ దూరం జరిపితే లాభం లేదు, దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగోవంతుకు పడిపోతుంది. లెన్సు 1.8కి తెరిచి, ఐఎస్‌ఓ 1600 పెట్టి, సెకనులో 30వ వంతు. అవ్వ ఊపిరి వదిలి ఆగినప్పుడు నొక్కాలి. వెలుగును మార్చలేను, మనిషి కూర్చునే చోటునూ నేను నిలబడే చోటునూ మార్చగలను.

దీపానికీ చూసేవాడికీ మధ్య ఉన్న ఈ లెక్కకు పాత పోలిక ఒకటుంది. 14వ శతాబ్దంలో శృంగేరి పీఠమెక్కిన విద్యారణ్యులు పంచదశి అనే వేదాంత గ్రంథంలో పదో ప్రకరణానికి నాటకదీపమని పేరు పెట్టారు. నాట్యశాలలో దీపం ప్రభువునూ సభికులనూ నర్తకినీ ఒకే తీరుగా వెలిగిస్తుంది. అందరూ లేచిపోయినా వెలుగుతూనే ఉంటుంది. ప్రభువు అహంకారం, సభికులు విషయాలు, నర్తకి బుద్ధి, తాళం వేసేవి ఇంద్రియాలు, దీపం సాక్షి.

కెమెరా పట్టుకున్నవాడు తననే సాక్షి అనుకోవడం మా వృత్తిలో మామూలే. ఈ లెక్కన చూస్తే నాది ప్రభువు ఆసనం. ఆట బాగుంటే సంతోషించేదీ, బాగాలేకపోతే చిన్నబుచ్చుకునేదీ నేనే. ఆ ప్రభువు దీపం కూడా తన చేతికే తీసుకుంటే ఏమవుతుందో ఫ్లాష్ చూపిస్తుంది. మన ఇష్టానిష్టాలనే దీపంగా పట్టుకుని ఎదుటివాణ్ణి చూస్తే అంతా స్పష్టంగానే ఉంటుంది, ఆకారమే తెలియదు.

దీపం చూసేవాడి చేతిలో లేని చోటు ఒకటి మాకు దగ్గర్లోనే ఉంది. హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని హెంజేరు. అక్కడి సిద్ధేశ్వరుడు లింగం కాదు, మనిషి రూపంలో కూర్చున్న శివుడు. గర్భగుడికి కిటికీలుండవు. భక్తుడు గడప ఇవతల, హారతి అర్చకుడి చేతిలో. మంట కదిలేకొద్దీ ఒక్కో భాగం బయటపడి మళ్లీ వెనక్కి పోతుంది. చూసేవాడి చేతిలో దీపం పెట్టని ఆ ఏర్పాటులో వినయం నేర్పే ఉద్దేశం ఉందో లేదో గానీ, నాకు మాత్రం అదే నేర్పింది.

దీనికి ఎదురుప్రశ్న ఇళ్లలోనే వస్తుంది. "సగం మొగం నల్లగా ఉండాది గదన్నా, ఫ్లాష్ కొట్టు" అంటుంది మనవరాలు. "నా మొగం అంతా పడల్ల నాయినా" అంటుంది అవ్వ. ఆమె ముఖాన్ని నా సిద్ధాంతానికి బలిపెట్టే హక్కు నాకు లేదు. తెల్ల పంచె ఒకటి మడతవిప్పి ఆమె ఒడిలో పరుస్తాను. గవాచి వెలుగు దానిమీద పడి, చీకటి చెంప మీదికి తిరిగొస్తుంది. నీడ పలచబడుతుంది గానీ చెరిగిపోదు. దయకు ఇంతవరకు చోటుందనుకుంటాను: ఉన్న వెలుగునే ఆ మనిషికి మళ్లించడం.

విద్యారణ్యుల మాటలో ఒకదాని దగ్గర మాత్రం నా కెమెరా ఆగిపోతుంది. శాల ఖాళీ అయినా దీపం వెలుగుతుందన్నారాయన. దేనిమీదైనా పడితే తప్ప కెమెరాకు వెలుగు తెలియదు. కాబట్టి సాక్షి సంగతి నా పనితనం తేల్చలేదు, ప్రభువు సంగతే తేల్చింది. ఫలానావాడు నాకు పూర్తిగా తెలుసని నోటికొచ్చినప్పుడల్లా, ఆ చూసిన వెలుగు నా వైపు నుంచి పోయిందా, వేరే దిక్కు నుంచి వచ్చిందా అని నన్ను నేను ఒకసారి అడుగుతాను. నా వైపు నుంచి పోయి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుంటాను.