ఆ వేడి ఎవరు మోస్తున్నారు?

నేటి ధ్యాన శ్లోకం: భగవద్గీత, 5వ అధ్యాయం (కర్మసన్న్యాస యోగం), 23వ శ్లోకం

కామం వల్ల, క్రోధం వల్ల పుట్టే ఉద్ధృతిని ఈ దేహం ఉండగానే, ఈ లోకంలోనే ఓర్చుకోగలిగిన వాడిని శ్రీకృష్ణుడు ఈ శ్లోకంలో యోగి అన్నాడు. సుఖపడేదీ అతడేనన్నాడు. కోపమే రాని మనిషి గురించి ఇక్కడ చెప్పలేదు. వచ్చిన కోపాన్ని తనలోనే నిలుపుకొని, దాని తాకిడి పక్కవాడికి తగలకుండా చూసుకున్న మనిషి గురించి చెప్పాడు. ఆ ఓర్పు ఎలాంటిదో తెలియాలంటే ఈ రోజు కారు చక్రం విప్పి చూద్దాం.

శ్రీరంగాపూర్ నుంచి పెబ్బేరు వైపు శనివారం పూట కారు తీసుకెళ్లండి. సంతకు నడిచే ఎడ్లు, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద, మనుషులు వేలాడే ఆటోలు. అవి దాటి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే లారీల వరుస. బ్రేకు మీద కాలు పడుతూనే ఉంటుంది. కాలు పడ్డ ప్రతిసారీ బండి నెమ్మదిస్తుంది. మరి అప్పటిదాకా ఉన్న వేగం ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. వేడిగా మారింది. ముందు చక్రంతో పాటు ఒక ఇనుప డిస్కు తిరుగుతుంటుంది. పెడల్ తొక్కితే, ఆ డిస్కును పట్టుకునే కాలిపర్‌లోని పిస్టన్ కదిలి, రెండు ప్యాడ్లు ఆ డిస్కును చెరోవైపు నుంచి పట్టి నొక్కుతాయి. బండి వేగమంతా ఆ ఒరిపిడిలో వేడవుతుంది. టన్ను బరువున్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే, దాదాపు ఒక గ్లాసు నీళ్లను మరిగించేంత వేడి పుడుతుంది. 80 నుంచి ఆగితే నాలుగు గ్లాసులు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. డ్రైవరుకు ఇవేవీ తెలియవు. కాలి కింద పెడల్ మెత్తగా ఉంటుంది, బండి ఆగుతుంది, పాట సాగుతుంది. కింద మాత్రం ప్రతిసారీ ప్యాడు కొంచెం అరుగుతుంది. కొత్తప్పుడు సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉండేది, 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చెయ్యాలి.

ఇప్పుడు ఇంట్లోకి చూద్దాం.

మార్కెట్‌లో ధర పలకలేదు. ఆఫీసులో పైవాడు నలుగురిలో మాట అన్నాడు. ఆ కోపంతో ఇంటి పెద్ద గడప తొక్కుతాడు. భార్య ఆయన ముఖం చూసి పిల్లల్ని లోపలి గదిలోకి పంపిస్తుంది. టీవీ చప్పుడు తగ్గిస్తుంది. కరెంటు బిల్లు మాట రేపటికి వాయిదా వేస్తుంది. అన్నం వడ్డించి, ఆయన అన్న నాలుగు మాటలూ విని ఊరుకుంటుంది. అరగంటలో ఆయన చల్లబడతాడు. ‘నాకు కోపం వస్తుంది గానీ ఎంతోసేపు ఉండదు’ అని మర్నాడు నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు కూడా. ఉండకపోవడమేమిటి? ఆయన దగ్గర ఉండలేదు, అంతే. ఆ వేడి ఆమెలోకి దిగింది.

అన్నీ కోపాలే కానక్కర్లేదు. తమ్ముడు చేసిన అప్పును చప్పుడు చేయకుండా తీర్చే అన్న ఉంటాడు. కొడుకు తాగివచ్చిన రాత్రి, కోడలు నిద్ర లేవకముందే వాకిలి కడిగేసే తల్లి ఉంటుంది. మన కోరికల జోరు, మన పంతాల జోరు ఎక్కడో ఒకచోట ఆగుతున్నాయంటే, ఆ ఆగే చోట ఒక మనిషి అరుగుతున్నట్టే లెక్క. శ్లోకం మనల్ని నిలదీసేది ఇక్కడే. నీ ఉద్ధృతిని నువ్వు ఓర్చుకుంటున్నావా, నీ కోసం ఇంకొకరు ఓర్చుకుంటున్నారా?

అరుగుదల చెప్పకుండా రాదు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ముక్క అమర్చి ఉంటుంది. మందం తగ్గిపోయాక ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. మార్చమని అది చెప్పే కబురు. చాలామంది చేసేది కారులో పాట ఇంకాస్త పెంచడం. ఇంట్లోనూ అంతే. ఏళ్లుగా ఓర్చుకున్న మనిషి ఒకరోజు ఎదురు మాట అంటుంది. పుట్టింటికి వెళ్తే వారం అనుకున్నది నెల ఉంటుంది. అడిగినదానికి తప్ప మాట్లాడటం మానేస్తుంది. ‘ఈ మధ్య ఈమెకు సణుగుడు ఎక్కువైంది’ అంటాం. ఆ సణుగుడే మనకు అందిన చివరి కబురు కావచ్చు. ప్యాడు పూర్తిగా పోతే దాని వెనుక ఉక్కు పలక నేరుగా డిస్కును గీరుతుంది. అప్పుడు చప్పుడు మారుతుంది, ఖర్చూ మారుతుంది.

చప్పుడు లేకుండా చేసుకోవడానికి మనిషి ఎంతో దూరం వెళ్లాడు. 1902లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అందులో రాగి ప్యాడ్లు లోహపు డిస్కు మీద ఒరుసుకుని చెవులు చిల్లులు పడేలా అరిచేవి. తరువాత ఆస్బెస్టాస్ కలిపిన లైనింగులు వచ్చాయి, అరుపు తగ్గింది. దశాబ్దాల పాటు అవి అరిగిన దుమ్ము ఎందరి ఊపిరితిత్తుల్లోకో వెళ్లింది. చివరికి ఎన్నో దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు బ్రేకు దుమ్మును నోటితో ఊదవద్దని, తడిగుడ్డతో తుడవమని ఈనాటికీ చెప్పేది అందుకే. ఒక ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే శాంతిగా ఉందనుకోకూడదు. ఆ నిశ్శబ్దం కోసం ఎవరి ఊపిరి ఖర్చవుతోందో చూసుకోవాలి.

మరి బాగుచేసుకోవడం ఎలా? కారును ఇంటి దగ్గరే విప్పేవాళ్లు వరుస తప్పరు. చదునైన నేల చూసుకుంటారు. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెడతారు. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తుతారు, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెడతారు. కాలిపర్ విప్పాక దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా తీగతో పైకి కడతారు. అప్పుడు డిస్కు మీద వేలు పెట్టి చూస్తారు. గాట్లు పడ్డాయా, అంచున గట్టు లేచిందా, మందం ఎంత మిగిలింది? కనీసం ఎంత ఉండాలో చాలా డిస్కుల మీదే అచ్చువేసి ఉంటుంది. అంతకన్నా తగ్గితే ప్యాడ్లతో పాటు డిస్కునూ మార్చాలి. ఒక పక్క మార్చి రెండో పక్క వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. అందుకే కుడి, ఎడమ రెండూ ఒకేసారి మారుస్తారు.

మన పశ్చాత్తాపాలు ఎక్కువగా ప్యాడ్ల దగ్గరే ఆగిపోతాయి. నాలుగు రోజులు మెత్తగా మాట్లాడతాం. పండక్కి చీర తెస్తాం. గాట్లు పడిన అలవాటు మాత్రం అలాగే తిరుగుతుంటుంది: సాయంత్రం సీసా, దాచిన అప్పు, పిల్లల ముందు హేళన. గాట్లున్న డిస్కు మీద కొత్త ప్యాడు సమంగా ఆనదు, త్వరగా పాడవుతుంది. క్షమాపణ చెప్పినవాడు అలవాటునూ విప్పి బయట పెట్టాలి.

పని అయ్యాక ఒక విషయం మరిచిపోకూడదు. పిస్టన్‌ను వెనక్కి నెట్టి కొత్త ప్యాడ్లు వేస్తాం కాబట్టి, మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేలదాకా దిగిపోతుంది. అప్పటికి బ్రేకు లేనట్టే. బండి కదలకముందే, వాకిట్లోనే, పెడల్ గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కాలి. ఆ తరువాత కూడా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఒక్కసారిగా తొక్కి ఆపకుండా నెమ్మదిగా వాడితేనే ప్యాడు, డిస్కు ఒకదానికొకటి కుదురుకుంటాయి. పొద్దున్నే చేసే ధ్యానం వాకిట్లో పెడల్ తొక్కి చూసుకోవడమే. ఈ రోజు ఎవరు ఏమంటే నాకు ఒళ్లు మండుతుందో బయలుదేరకముందే తలచుకోవాలి, ఆ మాట వచ్చినప్పుడు నోరు ఎలా కట్టుకోవాలో ఇక్కడే సాధన చేయాలి. మొదట చిన్న చిన్న మాటల దగ్గర ఆగడం నేర్చుకున్నవాడే పెద్ద గొడవ దగ్గర ఆగగలడు.

మనం బయలుదేరిన శ్రీరంగాపూర్‌లోనే, రంగసముద్రం చెరువు ఒడ్డున గుడిలో రంగనాయకస్వామి పవళించి ఉంటాడు. దర్శనానికి వెళ్లిన కళ్లన్నీ స్వామి ముఖం మీదే. ఆయన పడుకున్నది ఆదిశేషుడి మీద. ఆ భారాన్ని శేషుడు కోరి మోశాడు, ఆ సేవే తనకు ఐశ్వర్యమనుకున్నాడు. మన ఇళ్లలో మన వేడిని మోసేవాళ్లను మనం ఎన్నడూ అడగలేదు, వాళ్లూ కోరలేదు. ప్యాడు అరగడానికే తయారైంది. భార్య, తల్లి, అన్న అలా తయారైనవాళ్లు కారు. అరిగితే మార్చడానికి అంగడిలో దొరకరు.

ప్రార్థన: రంగనాయకా! నా జోరును నేనే ఓర్చుకునే బలం ఇవ్వు. నా కోసం ఇన్నాళ్లూ ఓర్చుకున్నవాళ్లను చూసే కళ్లు ఇవ్వు. వాళ్లు చెప్పినప్పుడు వినే చెవులు ఇవ్వు.

నేటి ఆచరణ: ఈ రోజు కారు తీసేముందు ముందు చక్రాల సందుల్లోంచి ప్యాడ్ల మందం చూడండి. చెయ్యి తిరిగిన పని కాకపోతే మెకానిక్‌కు చూపించండి, బ్రేకు దగ్గర పంతం వద్దు. ఆ తరువాత, మీ ఇంట్లో ఎక్కువగా ఊరుకునే మనిషి దగ్గర కూర్చోండి. ‘నా వల్ల నీకు ఎక్కువ కష్టమవుతున్నది ఏది?’ అని అడగండి. ఏ జవాబు వచ్చినా, చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. కామక్రోధాల ఉద్ధృతిని ఓర్చుకోవడం ఇవాళ అక్కడే మొదలుపెట్టండి.