తిన్నయింటి ఋణము

తిన్నయింటి వాసములు లెక్కింపరాదని మన పెద్దలు చెప్పుదురు. నీతి మంచిదే. కాని కన్నులయెదుట అన్యాయము జరుగునప్పుడు గూడ తిన్నవాడు నోరు మూసికొనవలయునా యనునది విచారింపదగిన ప్రశ్న.

అమెరికాలోని వయోమింగు విశ్వవిద్యాలయమున 1969 అక్టోబరులో జరిగిన యుదంతమును జూతము. ఆ విద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు అప్పటికి నాలుగు పోటీలాడి నాలుగింటను గెలిచియుండెను. అందు పదునలుగురు నల్లజాతి యువకులుండిరి. ఆటనేర్పును బట్టి విద్యాలయము వారి చదువునకు వేతనమిచ్చుచుండెను. మరునాడు వారెదుర్కొనవలసినది బ్రిగాం యంగు విశ్వవిద్యాలయపు జట్టు. ఆ విద్యాలయమును నడపు మార్మను క్రైస్తవసంఘము ఆ కాలమున నల్లజాతివారికి పౌరోహిత్యాధికారమును నిరాకరించుచుండెను. ఈ భేదముపట్ల తమ యసమ్మతిని ఎట్లు తెలుపవచ్చునో మాటలాడుటకై వారు చేతులకు నల్లపట్టీలు కట్టుకొని శిక్షకుడగు లాయిడ్ ఈటన్ కడకేగిరి. క్రీడాకారులు నిరసనలలో పాల్గొనరాదని ఆయన నియమము. వారి మాట సాంతము వినకయే యందరిని జట్టునుండి తొలగించెను. తన జట్టు లేకున్న వారు పరుల ధర్మముపై బ్రతుకవలసినవారే యను నర్థమిచ్చు మాటలాడెనని వారు తరువాత చెప్పిరి.

వేతనమిచ్చినది విద్యాలయమే, నిజము. కాని యది దానమా? వారి కండబలముచే జట్టు గెలిచెను, విద్యాలయమునకు పేరు వచ్చెను. ఇచ్చిపుచ్చుకొనుచోట ఋణమును ఒకవైపుననే లెక్కించుట న్యాయము గాదు. దానమే యనుకొందము. అన్నము పెట్టినవాడు ఆకలిని తీర్చెను గాని అంతరాత్మను కొనలేదు. భీష్మద్రోణులు కౌరవుల యన్నమునకు కట్టువడి, నిండుసభలో ద్రౌపది యడిగినదానికి సరియైన సమాధానమీయరైరి. ఆ మౌనము కౌరవులనైన రక్షించెనా? యజమానుని తప్పును యజమానునితో చెప్పుటయే నిజమైన కృతజ్ఞత.

ఆ యేట చివరి నాలుగు పోటీలలోను వయోమింగు ఓడెను. 1970లో గెలిచినది ఒక్కటే. యువకులలో కొందరు వేరు కళాశాలలకు పోవలసివచ్చెను. 1978లో మార్మను సంఘము తన నిషేధమును తొలగించెను. 2019లో, ఏబదియేండ్లకు, వయోమింగు విశ్వవిద్యాలయము క్షమాపణ వేడెను. 2020లో ఆ పదునలుగురిలో కొందరు, తాము నాడు ప్రశ్నింపదలచిన ఆ సంఘముతోనే చేయి కలిపి, పేదలకు ఆహారము పంచిరి. కృతఘ్నులనిపించుకొన్నవారే అన్నదాతలైరి!

విద్యనొసగినవాడు, ఆ విద్య తన్నే ప్రశ్నించినపుడు కోపింపరాదు. తానిచ్చినది ఫలించెనని సంతసింపవలయును.