సున్నపుతేట చెప్పిన సాక్ష్యము

ఇంటిలోని వస్తువులతో బాలురకు రసాయనశాస్త్రము నేర్పవచ్చునా యని మిత్రులు కొందఱు మమ్ము ప్రశ్నించుచున్నారు. నేర్పవచ్చుననుటలో మాకు సందేహము లేదు. సందేహమెల్ల మఱియొక చోట నున్నది. ప్రయోగము ఒకటి చెప్పి, పెద్దలు వేఱొకటి చెప్పినపుడు బిడ్డ యెవరిని నమ్మవలెను?

పలనాటివారు ఈ శాస్త్రమునకు సామగ్రి వెదకుకొన నక్కఱలేదు. మాచర్ల, గురజాల ప్రాంతములందు సున్నపురాయికి కొదువ లేదు. నాగార్జునకొండ శిల్పములు పలనాటి సున్నపురాతి యందే మలచబడినవి. పిడుగురాళ్ల బట్టీలలో సున్నమగుచున్నదియు సున్నపురాయియే. శుద్ధమైన రాయి 100 పాళ్లు కాలినచో 56 పాళ్లు సున్నము మిగులును. తక్కిన 44 పాళ్లు కంటికి కనబడని బొగ్గుపులుసు వాయువై పోవును. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించిన జోసెఫ్ బ్లాకు 1756లో ప్రకటించిన వ్యాసమున ఈ నష్టమును త్రాసుతో తూచి నిరూపించెను.

గడచిన వేసవిలో నరసరావుపేటయందు మా యింట, ఎనిమిదేండ్ల మేనకోడలికి ఈ వాయువును చూపదలచితిమి. తాంబూలపు సున్నమును నీట కలిపి, రాత్రి యంతయు కదలింపక యుంచి, పైతేటను గాజుగ్లాసులోనికి వంచితిమి. బొప్పాయికాడ నిచ్చి, ఊదుటే గాని పీల్చరాదని హెచ్చరించి, “నీరు పాలవలె తెల్లబడును, చూడుము” అంటిమి. ఫలమును ముందే చెప్పుట మా తొందరపాటు. చిన్నది బుగ్గలు పొంగించి యూదెను. నీరు తేటగానే యుండెను. “కొంచెము తెల్లబడినది గదా!” అంటిమి.

“లేదు మామయ్యా, అట్లాగే ఉంది.”

“మామయ్య చెప్పాక ఎదురు చెబుతావటే?” అని మా పెద్దమ్మగారు గద్దించిరి.

మాకు సిగ్గు కలిగెను. బిడ్డ చూచినది చెప్పెను. మేము చూడనిది చెప్పితిమి. శిక్షకు పాత్రులెవరు? ఆమె నాడు మా మాటకు తలయూపి యున్నచో రసాయనశాస్త్రము కాదు, కన్నులను నమ్మరాదను పాఠము నేర్చుకొని యుండెడిది. ఇట్టి తలయూపుడునే మనము వినయమని పొగడుచున్నాము! 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించినది. గ్రంథములు ఇంటికి వచ్చినను ఈ అలవాటు ఇల్లు వదలలేదు.

“తెల్లబడలేదు, మేమే తప్పు చెప్పితిమి” అని యొప్పుకొని, కారణము వెదకితిమి. సున్నపుడబ్బాకు మూతలేదు. నెలల తరబడి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొని మరల రాతిగుణము పొందినది. మఱునాడు బట్టీనుండి వచ్చిన సున్నపుగడ్డను, బిడ్డను దూరముగా నిలిపి, మేమే నీట విరిసితిమి. అది కుతకుత నుడుకును. చుక్క కంటబడిన చూపునకే ముప్పు గనుక ఈ పని పిల్లలకు విడువరాదు. ఆ తేటలో నూదగనే పాలవలె తెల్లబడెను. చిన్నది ఆపక యింకను ఊదగా మరల తేటయయ్యెను. ఆ సంగతి మేము చెప్పనే లేదు! ఎక్కువైన వాయువు తెల్లని పొడిని నీట కరగించును. వాననీరు నేలలోని సున్నపురాతిని కరగించుటయు నిట్లే. ఆ బావినీరు కాచిన గిన్నెకు తెల్లని గార పట్టును. ఆ గారపై ఆమె నిమ్మరసము పిండి బుడగలు చూచెను.

తరువాత వంతు ఎఱ్ఱనీళ్లది. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱన, నిమ్మరసము పిండిన మరల పసుపు. దీనిని బిడ్డలకు తెలిపిన దిష్టి తీయుటయందు భక్తి పోవునని పెద్దమ్మగారి భయము. హారతి పట్టు తల్లి ప్రేమకు అజ్ఞానము ఆధారము కాదని మా తలంపు. కాని ఆ యెఱుపునే రక్తమని చూపి బెదరించి సొమ్ము లాగువారికి మాత్రము ఆధారమదియే. తన చేత కలిపి, తన చేతనే విఱిచిన బిడ్డ వారికి వెఱవదు.

పెద్దమ్మగారు చాలసేపు పళ్లెము వంక చూచి, “తాంబూలములో పసుపు లేదుగా, మఱి నోరెందుకు పండుతుంది?” అని యడిగిరి. అది సున్నముతో కలసిన వక్క, కాచుల పని యని చెప్పితిమి. చెప్పిన చాలదు, చూపుమనిరి.